గొంతుకి మైకు ఎంత దూరం?

ఇంట్లో కూర్చుని గిటార్ వాయిస్తూ పాడుకునే స్త్రీ తన పాటను తనే రికార్డు చేసుకోవాలంటే ఏ మైకు కొనుక్కోవాలి? దుకాణంలో అడిగితే ఒక జవాబు వస్తుంది. తెలిసిన సంగీతకారుణ్ణి అడిగితే మరో జవాబు వస్తుంది. రెండూ ధర దగ్గర మొదలై ధర దగ్గరే ఆగుతాయి. చరిత్ర వైపు నుంచి వెతికినప్పుడు మాత్రం ముందుగా ఎదురయ్యే ప్రశ్నలు వేరు. మైకు ఎవరి చేతిలో ఉంది? ఎవరింటికి, ఏ వేళకి వచ్చింది? పాడే మనిషికి ఎంత దూరంలో నిలబడింది? ఆ గదిలోని చప్పుళ్లలో దేన్ని ఉంచింది, దేన్ని తుడిచేసింది? చాలాకాలం పాటు ఇవన్నీ స్త్రీల తరఫున ఇంకెవరో తేల్చేశారు. ఇప్పుడు ఆ మైకు మన చేతికొచ్చే ధరలో ఉంది కాబట్టి, ఆ తేల్చడం ఎలా జరిగిందో ఒకసారి చూసుకోవడం అవసరమనిపిస్తోంది.

మైకు రాకముందు కొమ్ము ఉండేది. విద్యుత్తు లేదు. పాడినవారి ఊపిరి బలమే సూదిని కదిలించి మైనం మీద గీత గీసేది. 1902 నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ ముందు గౌహర్ జాన్ పాడింది ఇలాంటి కొమ్ములోకే. పాట చివర ఆమె తన పేరు తనే చెప్పుకుంది. ఎక్కడో జర్మనీలోని కర్మాగారంలో ఆ రికార్డు ఎవరిదో గుర్తుపట్టడానికి చెప్పించారంటారు. కారణం ఏదైనా, మన దేశపు ధ్వనిముద్రణ చరిత్ర మొదటి పుటల్లోనే ఒక స్త్రీ తన పేరును తన గొంతుతో నమోదు చేసుకుంది. కొమ్ముకి మెత్తని ధ్వనులు అందేవి కావు. అందుకే ఆ కాలపు అమెరికన్ రికార్డుల్లో బాంజో ఖంగుమని మోగుతుంది, గిటార్ జాడ సరిగా తెలియదు. గిటార్ మెత్తని వాద్యం. వసారాలో, వంటింట్లో, ఒళ్లో పెట్టుకుని వాయించుకునేది. పక్కనున్నవాళ్లకి వినిపిస్తే చాలనుకునేది.

బెల్ ప్రయోగశాలల పూర్వ సంస్థలో ఇ.సి. వెంటే 1916 ప్రాంతంలో కండెన్సర్ మైకు తయారుచేశాడు. 1925కల్లా రికార్డు కంపెనీలు కొమ్ము పక్కన పెట్టి విద్యుత్ ముద్రణకి మారాయి. అరవక్కర్లేకుండా పాడటం అప్పుడు సాధ్యమైంది. 1927 ఆగస్టు మొదట్లో టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు మీదున్న బ్రిస్టల్ పట్నంలో, ఒక టోపీల కంపెనీ భవనంలో రాల్ఫ్ పియర్ అమర్చిన మైకు ముందు కార్టర్ కుటుంబం నిలబడింది. గిటార్ వాయించిన మేబెల్‌కి అప్పటికి 18 ఏళ్లు, నెలలు నిండుతున్న గర్భిణి. బొటనవేలితో మంద్రపు తీగల మీద పాట వరుసని మీటుతూ, మిగతా వేళ్లతో పై తీగలని రాస్తూ పోయే ఆమె పద్ధతిని తర్వాతి తరాల గిటారిస్టులు ఓనమాల్లా నేర్చుకున్నారు. ప్రధానంగా పాడింది సారా. కాగితాల మీద మాత్రం ఎక్కువ పాటలకి సారా భర్త ఎ.పి. కార్టర్ పేరే ఎక్కింది. ఊరూరా తిరిగి ఆయనతో కలిసి పాటలు పోగుచేసిన నల్లజాతి గిటారిస్టు లెస్లీ రిడిల్ పేరు కూడా ఎక్కలేదు. మైకు మెత్తని ధ్వనిని పట్టుకుంది సరే, పేరు పట్టుకోవడం దాని పని కాదు కదా.

సరిగ్గా అదే 1927లో బెల్ ప్రయోగశాలల పత్రికలో జె.సి. స్టైన్‌బర్గ్ అనే ఇంజనీరు ఒక వ్యాసం రాశాడు. దాని శీర్షికకి తెలుగు ‘స్త్రీలను అర్థం చేసుకోవడం’. యంత్రం ద్వారా విన్నప్పుడు స్త్రీల మాట పురుషుల మాటంత తేలిగ్గా ఎందుకు అర్థం కాదన్నది విషయం. మెత్తగా, అదుపులో ఉన్నప్పుడే స్త్రీ మాట రాణించేలా ప్రకృతే ఏర్పాటు చేసిందన్న ధోరణిలో సాగుతుందది. సంగతి కొంచెం విప్పి చూద్దాం. మన వ్యాకరణం ఊష్మాలని చెప్పే శ, ష, స ధ్వనుల బలమంతా పై పౌనఃపున్యాల్లో ఉంటుంది. స్త్రీల ఉచ్చారణలో అది ఇంకాస్త పైకి జరుగుతుంది. టెలిఫోను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది. మీడియం వేవ్ రేడియో సుమారు 5000 దాకా. అంటే స్త్రీ మాటలో స్పష్టతనిచ్చే భాగాన్ని యంత్రమే కత్తిరించి పారేస్తోంది. కత్తిరించిన యంత్రాన్ని వదిలేసి, తెగిన గొంతుదే లోపమన్నారు. ‘కీచుగొంతు’ అన్న తిట్టుకి సగం పుట్టుక ఆ తీగల్లోనే ఉంది. మిగతా సగం ఎక్కడిదో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు.

ఇక ఇంటికి వద్దాం. నాకు ఈ చరిత్ర మొత్తంలో మళ్లీ మళ్లీ గుర్తొచ్చే గది ఒకటుంది. వాషింగ్టన్‌లో ఎలిజబెత్ కాటన్ అనే నల్లజాతి స్త్రీ ఇంట్లోని పడకగది.

ఆమె 1890లలో నార్త్ కరోలినాలో పుట్టింది. చిన్నతనంలోనే ఇళ్లలో పనికి కుదిరి, కూడబెట్టుకున్న డబ్బుతో 3 డాలర్ల 75 సెంట్లకి ఒక గిటార్ కొనుక్కుంది. ఆమెది ఎడమచేతి వాటం. తీగలు మార్చకుండా కుడిచేతి గిటార్నే తలకిందులుగా పట్టుకుని వాయించింది. దాంతో అందరూ బొటనవేలితో వాయించే మంద్రం ఆమె వేళ్లకి, వేళ్లతో వాయించే వరుస ఆమె బొటనవేలికి వచ్చాయి. నేర్పేవాళ్లు లేకపోవడం వల్ల పుట్టిన పద్ధతి అది. ఇవాళ దానికి ఆమె పేరే పెట్టారు. 11, 12 ఏళ్ల వయసులో ‘ఫ్రైట్ ట్రైన్’ అనే పాట కట్టింది. తర్వాత చిన్నవయసులోనే పెళ్లి, బిడ్డ. చర్చివాళ్లు లౌకికమైన పాటలు మానమన్నారు. మానేసింది. ఒకటీ రెండూ కాదు, దశాబ్దాలు.

కూతురితో పాటు వాషింగ్టన్ చేరాక ఒక పెద్ద దుకాణంలో బొమ్మలు అమ్మే పనిలో ఉన్నప్పుడు, తప్పిపోయిన ఒక పిల్లని తల్లికి అప్పగించింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్, తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆ పరిచయంతో వాళ్లింట్లో పనికి కుదిరింది. ఇక్కడ ఒక్క క్షణం రూత్ గురించి. సంగీత రచనకి గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ పొందిన తొలి స్త్రీ ఆమె, 1930లో. ఆ తర్వాత పెళ్లి, నలుగురు పిల్లలు. సొంత రచన వెనకబడింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం ముద్రించిన జానపద గీతాల రికార్డులు మళ్లీ మళ్లీ వేసుకుని విని స్వరాలు రాసిపెట్టే పనిలో పడింది. లోమాక్సుల 1941 నాటి సంకలనంలోని స్వరలిపి ఆమెదే. అంటే ఆ ఇంట్లో ఒకామె ఎక్కడెక్కడి మనుషుల పాటలో యంత్రంలో వింటూ కాగితం మీద పెడుతోంది, ఇంకొకామె అదే ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేస్తోంది, వంట చేస్తోంది. వంట చేస్తున్న మనిషి దగ్గర పాటలున్నాయని, గోడకి వేలాడే గిటార్ ఆమె చేతిలో కనపడేదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఎవరి మీదా అభియోగం మోపడానికి ఈ మాట అనడం లేదు. జానపద సంగీతమంటే ప్రాణం పెట్టే ఇంట్లో కూడా పనిమనిషిని ఎవరూ ‘నువ్వు పాడతావా’ అని అడగరు, అంతే.

పెగ్గీ ఆ పాటని ఇంగ్లండు తీసుకెళ్లింది. అక్కడ అది నలుగురి నోళ్లలో పడి, 1957లో చాస్ మెక్‌డెవిట్ బృందం, నాన్సీ విస్కీ గొంతుతో పెద్ద హిట్ అయింది. రచయితలుగా వేరే ఇద్దరు మగవాళ్ల పేర్లు నమోదయ్యాయి. కాటన్ పేరు లేదు. గమనించండి, ఆ పాట అట్లాంటిక్ దాటి రికార్డుల దుకాణాలకి ఎక్కేనాటికి దాన్ని కట్టిన మనిషి సొంత రికార్డు ఒక్కటి కూడా బజారులోకి రాలేదు.

ఆ ఏళ్లలోనే సీగర్ల కొడుకు మైక్ తన రీలు టేప్ యంత్రాన్ని ఆమె ఇంటికి మోసుకెళ్లాడు. పడకగదిలో ముద్రణ. ఆమె మనవలు, మనవరాళ్లు చుట్టూ ఉండేవారు. ఆ ముద్రణలతోనే 1958లో ఫోక్‌వేస్ సంస్థ ఆమె మొదటి ఆల్బమ్ తెచ్చింది. ఆ రికార్డు వింటే స్టూడియో మెరుగు ఉండదు. వేలు తీగ మీద జారిన శబ్దం, అరవై దాటిన గొంతులోని చిన్న వణుకు అలాగే ఉంటాయి. నా దృష్టిలో అది సంగీతం రికార్డు మాత్రమే కాదు, ఆస్తిపత్రం కూడా. పాట ఎవరిదన్న తగువులో ఆమె పక్షాన సీగర్ కుటుంబం నిలబడింది, చివరికి ఆమెకి రచయితగా గుర్తింపు దక్కింది. 1985లో గ్రామీ అందుకునేటప్పటికి ఆమెకి తొంభై ఏళ్లు. 1987లో చనిపోయింది.

రెండో గది న్యూయార్క్‌ది. ఇది కాటన్ కథకి దాదాపు తలకిందులు. కానీ కాన్వర్స్ అనే పేరుతో పాటలు కట్టిన ఎలిజబెత్ కాన్వర్స్ 1924లో పుట్టింది. చదువులో ముందుండేది, మౌంట్ హోల్యోక్ కాలేజీ మధ్యలో వదిలేసి న్యూయార్క్ వెళ్లింది. గిటార్‌తో తన పాటలు తనే రాసుకుని పాడింది. అప్పటికి ‘గాయని-రచయిత్రి’ అన్న మూస ఏర్పడలేదు కనుక కంపెనీలకి ఆమెని ఏ అరలో పెట్టాలో తెలియలేదు. గ్రెనిచ్ విలేజ్ అద్దె గదిలో క్రెస్ట్‌వుడ్ టేప్ రికార్డరు పెట్టుకుని తనే రికార్డు చేసుకునేది. మైకు ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు మీట నొక్కాలో, ఏది ఉంచాలో, ఏది మళ్లీ పాడాలో అన్నీ ఆమే. 1954లో జీన్ డైచ్ అనే యానిమేషన్ కళాకారుడు తన ఇంట్లో మిత్రుల మధ్య ఆమె పాటల్ని టేపు మీదికెక్కించాడు. అదే ఏడాది టీవీలో ఒకసారి కనిపించింది. తర్వాత ఏమీ కాలేదు. 1961లో ఆన్ ఆర్బర్ వెళ్లి, కొంతకాలానికి ఘర్షణల పరిష్కారం మీద వచ్చే ఒక విద్యా పత్రికకి మేనేజింగ్ ఎడిటర్‌గా పనిచేసింది. 1974లో అయినవాళ్లకి ఉత్తరాలు రాసి, కారులో సామాను సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఎవరికీ కనపడలేదు.

ఆమె వదిలివెళ్లినవాటిలో ఒక ఫైళ్ల బీరువా ఉంది. అందులో పాటలు, ఉత్తరాలు, కాగితాలు ఒక వరుసలో సర్ది ఉన్నాయి. 2004లో డైచ్ తన దగ్గరి టేపొకటి న్యూయార్క్ రేడియోలో వినిపించాడు. 2009లో ఆల్బమ్ వచ్చింది. 2023లో హోవార్డ్ ఫిష్‌మన్ ఆమె జీవితం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఈ కథని అందరూ ‘విషాద ప్రతిభ’ అనే పాత చట్రంలోకి తోస్తుంటారు. నాకు ఆ బీరువానే ముఖ్యం. ఆమె తన పనికి తనే గ్రంథాలయాధికారిణి. అచ్చుకాని కవితల్ని ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచుకున్న మన పెద్దమ్మలకీ ఆమెకీ ఉన్న తేడా ఆ వరుసే.

ఇదే కోవలో ఇంకొకరు జర్మనీకి చెందిన సిబిల్ బేయర్. 1970 నుంచి 1973 మధ్య ఇంట్లో గిటార్‌తో పాడి రీలు టేపు మీద రికార్డు చేసుకుంది. ముప్పై ఏళ్ల తర్వాత కొడుకు వాటిని ఇంట్లోవాళ్ల కోసం సీడీ చేస్తే, అది చేతులు మారి 2006లో ఆల్బమ్‌గా వచ్చింది. పెదవులకి బాగా దగ్గరగా ఉన్న మైకు, పక్కగది మనుషుల్ని లేపకుండా పాడుతున్నట్టున్న గొంతు.

ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని అద్దె ఇంటి పడకగదిలో, నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద, షూర్ ఎస్‌ఎమ్57 మైకులు రెండు పెట్టుకుని కొన్ని పాటలు రికార్డు చేశాడు. అవి అదే ఏడాది ‘నెబ్రాస్కా’గా వచ్చాయి. గొప్ప ఆల్బమ్, సందేహం లేదు. కానీ ఇంటి ముద్రణకి చరిత్ర రాసేవాళ్లు తరచుగా మొదలుపెట్టేది అక్కడే. పురుషుడు స్టూడియో వదిలి ఇంటికొస్తే అది కళాత్మక నిర్ణయం, ఆ గర్‌గర్ నిజాయితీకి గుర్తు. స్టూడియో గడప ఎక్కనివ్వని స్త్రీలు అంతకు పాతికేళ్ల ముందే ఇంట్లో చేసిన పని మాత్రం ‘దొరికిన టేపులు’. దొరికాయట! ఆమె పెట్టినచోటే ఉన్నాయి.

మా స్నేహితురాలొకరు, డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తుంది, తన పాటలు రికార్డు చేసుకోవాలని మైకు కొనడానికి ఒక దుకాణానికి వెళ్లింది. తోడు వెళ్లాను. ‘బాబుకా మేడం, సారుకా?’ అన్నాడు కౌంటర్ దగ్గరున్న అబ్బాయి. ‘నాకే’ అంది. అతను వెంటనే గులాబీ రంగు కరోకే మైకు తీశాడు. ఆ పూట కొనకుండా వచ్చేశాం. ఆ తర్వాత మేమిద్దరం చదివి, అడిగి, అరువు తెచ్చుకున్న మైకులు వాళ్ల ఫ్లాటులో పెట్టి చూసి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

మైకు రకం కన్నా ముందు తేలాల్సింది ఇంట్లో ఎంతసేపు నిశ్శబ్దం దొరుకుతుందన్నది. వర్జీనియా వుల్ఫ్ గది అడిగింది. పాడుకునే మనిషికి గదితో పాటు గంటసేపు బోరు మోటారు ఆగడం కూడా కావాలి. కండెన్సర్ మైకు సున్నితమైనది. గిటార్ తీగ మీది గోటి రాపిడి, పల్లవికి ముందు తీసుకున్న ఊపిరి దాకా పట్టుకుంటుంది. పై అంతస్తులో జరిపిన కుర్చీని కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. దానికి 48 వోల్టుల విద్యుత్తు అందించే ఇంటర్‌ఫేస్ కావాలి. డైనమిక్ మైకు మొండిది. 1965 నుంచి వస్తున్న ఎస్‌ఎమ్57, ఆ మరుసటేడు వచ్చిన ఎస్‌ఎమ్58 ఈ జాతివి. నోటికి రెండు మూడు అంగుళాల్లో పెడితే గొంతు బాగా వస్తుంది, ఇల్లు దూరంగా ఉండిపోతుంది. అడుగున్నర దూరం పెట్టి గిటార్, గొంతు కలిపి పట్టుకోమంటే ధ్వని పలచబడుతుంది. యంత్రంలో స్థాయి పెంచితే హిస్ వస్తుంది.

కాబట్టి నిశ్శబ్దం దొరికే ఇంట్లో ఒక్క కండెన్సర్, దొరకని ఇంట్లో దగ్గరగా పెట్టిన రెండు డైనమిక్‌లు. ఇది నా నిర్ణయం, వేరేలా చెప్పేవాళ్లు ఉంటారు. రెండు మైకులుంటే గొంతుని, గిటార్‌ని తర్వాత విడివిడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఆ ‘తర్వాత’ మీదే నాకు అనుమానం. తర్వాత ఆ మీటల దగ్గర కూర్చునేది ఎవరు? మనమే కూర్చుంటే సరే. ఒక్క మైకుతో అయితే ఏది ఎంత వినపడాలో పాడే మనిషి తన ఒంటితో, తన చేతి బలంతో అప్పటికప్పుడు తేల్చేస్తుంది. ఆ తూకాన్ని తర్వాత ఎవరూ పెద్దగా మార్చలేరు.

దాన్ని నోటికీ గిటార్ పన్నెండో మెట్టుకీ మధ్యన, ఒకటిన్నర అడుగు దూరంలో పెట్టి మొదలుపెట్టాలి. గిటార్ గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెడితే మంద్రం బుంగలో పాడినట్టు ఉబ్బుతుంది. కార్డియాయిడ్ రకం వెనకవైపు ధ్వనిని తక్కువగా తీసుకుంటుంది కనుక దాని వీపు ఫ్రిజ్ వైపో వీధి కిటికీ వైపో ఉండాలి. ఈ రకానికి ఎంత దగ్గరికి జరిగితే అంత మంద్రం పెరిగే గుణం ఉంది. రేడియోలో గంభీరంగా వినిపించే మగ గొంతుల్లో కొంత గాంభీర్యం దీనిదే! సీలింగ్ ఫ్యాను ఆపాల్సిందే. ఆపలేని ఎండల్లో 80 హెర్ట్జ్ కింద కోసే మీట ఉపయోగపడుతుంది. గిటార్ అడుగు తీగ సుమారు 82 దగ్గర ఉంటుంది కాబట్టి దానికేం కాదు. నున్నటి టైల్సు, ఖాళీ గోడలున్న గదిలో ఎంత మంచి మైకైనా గోలగా పలుకుతుంది. మా స్నేహితురాలింట్లో అన్నిటికన్నా బాగా పనిచేసింది తలుపులు బార్లా తెరిచిన చీరల బీరువా. దానికి వీపు పెట్టి, కింద బొంత పరుచుకుని కూర్చుని పాడింది.

కొనేముందు ఊష్మాలు పరీక్షించాలి. చవకరకం కండెన్సర్లు చాలావాటిలో పై పౌనఃపున్యాలని కావాలనే కాస్త ఎత్తి ఉంచుతారు, దుకాణంలో మొదటిసారి వినగానే ‘స్పష్టంగా ఉంది’ అనిపించడానికి. స్త్రీ గొంతులో శ, ష, స అక్కడ గుచ్చుకుంటాయి. అప్పుడు సమీక్షలు రాసేవాళ్లు ఈ మైకు ఆడగొంతుకి పనికిరాదని రాయరు. ఆడగొంతు దీనిమీద కీచుగా ఉందని రాస్తారు. 1927 ఇంకా అయిపోలేదు. సకారాలు ఎక్కువున్న సొంత వాక్యం ఒకటి పాడి, మైకుని కొంచెం పక్కకి తిప్పి మళ్లీ పాడి, రెండూ ఇంటికి తెచ్చుకుని వినాలి.

ఫోను చాలదా అని చాలామంది అడుగుతారు. ఎలెక్ట్రెట్ మైకుని 1962లో బెల్ ప్రయోగశాలల్లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ కనిపెట్టారు. దశాబ్దాల పాటు ఫోన్లలో, క్యాసెట్ రికార్డర్లలో ఉన్నవి ఎక్కువగా దాని సంతతే. వెస్ట్ నల్లజాతి శాస్త్రవేత్త అన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. ఫోనులో చిక్కు మైకుతో కాదు, వెనకున్న ప్రోగ్రాముతో. మాటని ఉంచి మిగతాదాన్ని రొదగా లెక్కగట్టి తగ్గించే ఏర్పాటు పనిచేస్తుంటే, సాగదీసిన గిటార్ నాదాన్ని ఫ్యాను చప్పుడుతో కలిపి మింగేస్తుంది. ఆ ఏర్పాటుని ఆపేసే యాప్‌లున్నాయి. ఆపి వాడితే, ఏమీ లేని చోట ఫోను మంచి పనిముట్టే.

పీహెచ్‌డీ రోజుల్లో నేను విన్న స్త్రీల పాటల క్యాసెట్ల అట్టల మీద సేకరించినవారి పేరుండేది, ఊరి పేరుండేది, సందర్భం ఉండేది. పాడినవారి స్థానంలో ‘వృద్ధ స్త్రీ’ అనో, ‘కూలి స్త్రీలు, ముగ్గురు’ అనో ఉండేది. అందుకే మా స్నేహితురాలికి ఒక అలవాటు చేసుకోమన్నాను. మీట నొక్కగానే గిటార్ ముట్టుకోకముందే తన పూర్తి పేరు, తేదీ, పాట ఎవరు కట్టారు అన్నది గొంతుతో చెప్పాలి. ఆ ముక్కని కత్తిరించకుండా ఉంచిన అసలు ఫైలుని వేరే డిస్కులో మరో కాపీగా దాచాలి. ఇప్పటికి ఆమె దగ్గర పదకొండు పాటలున్నాయి. తొమ్మిదో పాటలో సకారాలు ఇంకా గుచ్చుకుంటున్నాయని మళ్లీ పాడుతోంది.